ఫిబ్రవరి 28 దాటించి చూడు, డబ్బు సంగతి తర్వాత

ప్రశ్న: అన్నా, మాది బంగారుపాళ్యం, మామిడి వ్యాపారం. ఈ సీజన్లో ఖర్చులు పోను కొంచెం మిగిలింది. చెన్నైలో ఒకాయన దగ్గర 1950 ప్రాంతం స్విస్ వాచి ఉండాది, బంగారు కేసు, డయల్ మీద వారం, నెల, తేదీ, చంద్రుడు అన్నీ ఉండాయి. పర్పెచువల్ క్యాలెండర్ అంటా ఉన్నాడు. నాలుగున్నర లక్షలు చెప్పి నాలుగుకి దిగినాడు. డయల్ అయితే నిన్న చేసినట్టు మెరిసిపోతా ఉంది. ఆదివారం లోపల చెప్పకపోతే బెంగళూరు పార్టీకి ఇచ్చేస్తాడంట. కొనొచ్చా? పదేళ్ళకి రేటు పెరుగుతుందా? ఇంట్లో ఆమె ఆ డబ్బుకి బంగారం సవర్ల లెక్క చెప్తా ఉంది. ఇంకోటి, మా నాయన హెచ్ఎంటీ కాంచన్ వాచి బీరువాలో ఆగిపోయి పడుండాది, దాన్ని ఏం చెయ్యమంటావు?

జవాబు: తమ్ముడూ, నువ్వు మండీలో పెరిగినోడివి, పై వరస కాయలు చూసి లోడు మొత్తానికి రేటు కట్టే రకం కాదు గదా, మరి ఈ వాచి దగ్గర ఎందుకు అట్లా కడతా ఉండావు? ఆదివారం గడువు సంగతి పక్కన పెట్టు, బెంగళూరు పార్టీ ఉంటే కొనుక్కోనీ. 70 ఏళ్ళు ఆగిన వాచి ఇంకో రెండు వారాలు ఆగితే కొంపలేం మునగవు.

నువ్వు పంపిన మూడు ఫోటోలు చూసినా. పైన రెండు కిటికీలు, ఒకదాంట్లో వారం, ఒకదాంట్లో నెల, డయల్ అంచున 1 నుంచి 31 దాకా అంకెలు, వాటిని చూపించేదానికి కొసన ఎర్రగా ఉన్న ఒక సన్న ముల్లు, కింద ఆరు దగ్గర చంద్రుడు. దీన్ని ట్రిపుల్ క్యాలెండర్ అంటారు, కంప్లీట్ క్యాలెండర్ అని కూడా అంటారు. అందమైన వాచి, అందులో డౌట్ లేదు, కానీ పర్పెచువల్ కాదని 100కి 99 పాళ్ళు చెప్తా. ఆ ఒక్క పాలు కూడా ఎట్లా తీసెయ్యాలో కింద చెప్తా చూడు.

ముందు తేడా అర్థం చేసుకో, ఎందుకంటే రేటు మొత్తం ఈ తేడాలోనే ఉండాది. ట్రిపుల్ క్యాలెండర్‌కి నెలకి 31 రోజులు అని మాత్రమే తెలుసు. ఏప్రిల్ 30 తర్వాత రోజు 31 చూపిస్తుంది, నువ్వే పక్కన ఉన్న చిన్న గుండీ నొక్కి ఒకటో తేదీకి తేవాల. ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, నవంబర్ అయిపోయినప్పుడు, అంటే ఏడాదికి 5 సార్లు ఈ పని ఉంటుంది. యాన్యువల్ క్యాలెండర్ అని ఇంకో రకం ఉండాది, దానికి 30, 31 తేడా తెలుసు, ఫిబ్రవరి ఒక్కటే తెలీదు, అందుకని మార్చి ఒకటిన ఒక్కసారి సర్దుకుంటే చాలు. పర్పెచువల్‌కి లీపు సంవత్సరంతో సహా అన్నీ తెలుసు, ఆపకుండా నడిపిస్తే 2100 మార్చి ఒకటిదాకా తేదీ ముట్టుకోనక్కర్లేదు, ఎందుకంటే 2100 నాలుగుతో భాగిస్తే పోతుంది గానీ లీపు సంవత్సరం కాదు, ఆ రకం వాచీల్లో చాలా వాటికి ఆ మినహాయింపు తెలీదు. 

ఇంకో తమాషా ఏంటంటే యాన్యువల్‌కన్నా కష్టమైన పర్పెచువలే దానికన్నా ముందు చేతి గడియారంలోకి వచ్చింది. పటెక్ ఫిలిప్ అనే స్విస్ కంపెనీ వాళ్ళు 1898లో ఆడవాళ్ళు మెడలో వేసుకునే గడియారం కోసం చేసి పెట్టుకున్న మిషన్ని 1925లో చేతి వాచిలో కూర్చినారు, అదే మొదటి పర్పెచువల్ రిస్ట్ వాచి. మధ్య రకం యాన్యువల్ అయితే అదే కంపెనీ నుంచి 1996 దాకా రాలేదు. కాబట్టి 1950 నాటిది అని ఎవరైనా చెప్తే అది యాన్యువల్ అయ్యే పనే లేదు, పర్పెచువల్ అయితే ఆ రోజుల్లో చేతికి కట్టుకునేవి వరసగా తయారు చేసి అమ్మింది దాదాపు పటెక్ ఒక్కటే, 1941లో మొదలైన 1526, 1518 నంబర్ల మోడళ్ళ లాంటివి. అసలైన అట్లాంటిది నాలుగు లక్షలకి ఎవుడూ ఇయ్యడు, నాలుగు లక్షలకి ఇస్తా ఉన్నాడంటే అది అది కాదు.

నేను ఒక్కసారి పర్పెచువల్ మిషన్ తెరిచి ఉండగా చూసినా, బెంగళూరులో ఒక పెద్దాయన ఇంట్లో, భూతద్దం కంటికి బిగించి చూడనిచ్చినాడు. లోపల ఒక చిన్న చక్రం, మన రూపాయి బిళ్ళకన్నా చాలా చిన్నది, దాని అంచు చుట్టూ గాట్లు. మొత్తం 48 నెలల లెక్క దాని మీదే ఉండాది, నాలుగేళ్ళకి ఒక చుట్టు. 31 రోజుల నెలకి గాటు లేదు, అంచు ఎత్తుగానే ఉంటుంది, 30 రోజుల నెలకి కొంచెం లోతు, ఫిబ్రవరికి బాగా లోతు, నాలుగు ఫిబ్రవరిల్లో ఒకదానికి మాత్రం లోతు ఒక వెంట్రుక వాసి తక్కువ. ఒక ఉక్కు చెయ్యి ముక్కు ఆ అంచు మీద ఆనుకుని ఉంటుంది, గాటు ఎంత లోతైతే అంత లోపలికి దిగుతుంది, దాన్ని బట్టి నెలాఖరున తేదీని ఎన్ని గడులు దూకించాలో తెలుస్తుంది. అంతే. కరెంటు లేదు, చిప్పు లేదు, గాటు లోతే జ్ఞాపకం. నేనైతే ఒక గంట సేపు లెయ్యలేదు అక్కడినుంచి, ఆయన భార్య రెండోసారి కాఫీ ఇచ్చి పోయింది.

ఇప్పుడు నీ పరీక్ష. పొద్దున పూట పో, రాత్రి వద్దు, ఎందుకో తర్వాత చెప్తా. వాచిని ఆయన్నే ఫిబ్రవరి 28కి పెట్టమను, నువ్వు ముట్టుకోవద్దు. తర్వాత కీ గుండీ బయటికి లాగి ముళ్ళు ముందుకి తిప్పమను, 12 దాటించమను. ఒకటో తేదీ వస్తే లేచి దండం పెట్టి నాకు ఫోన్ చెయ్యి. 29 వస్తే కంగారు పడొద్దు, లీపు సంవత్సరంలో ఉన్న పర్పెచువల్ కూడా 29 చూపిస్తుంది, ఇంకో 24 గంటలు తిప్పించు. 30 వచ్చిందా, అయిపోయింది, ఆయన చెప్పిన పేరు తప్పని ఆయన చేతులతోనే తేలిపోయింది. అది మోసమే అననక్కర్లేదు, పాత సామాన్లు అమ్మే చాలామందికి చంద్రుడు కనిపిస్తే చాలు పర్పెచువల్ అనేస్తారు. కానీ తెలీక చెప్పినా తెలిసి చెప్పినా నీ నాలుగు లక్షలు నాలుగు లక్షలే.

ట్రిపుల్ క్యాలెండర్ అయితే కొనకూడదా అంటే, కొనొచ్చు, నాకూ అదే ఇష్టం. 1940ల్లో, 50ల్లో ఒమేగా, జేజర్ లెకూల్ట్ర్, యూనివర్సల్ జెనీవ్, మొవాడో, వషెరాన్, అందరూ చేసినారు, రోలెక్స్ కూడా చంద్రుడితో 8171, 6062 అని రెండు మోడళ్ళు చేసింది. అందులో 6062 ఒకటి వియత్నాం ఆఖరి చక్రవర్తి బావో దాయ్‌ది, 2017లో జెనీవా వేలంలో 50 లక్షల డాలర్లు దాటింది. ఆ వార్తలు చదివే గదా మనోళ్ళకి ఆశ పుట్టేది. కానీ అదే కాలం, అదే రకం మిషన్ ఉన్న పేరు లేని కంపెనీ వాచీలు కూడా బోలెడు ఉండాయి, ఆనాటి స్విస్‌లో మిషన్లు ఒకడు చేస్తే కేసు ఒకడు, డయల్ ఒకడు, పేరు ఇంకొకడిది. 

రేటు పేరుని బట్టి కొంత, డయల్‌ని బట్టి చాలా. నీ ఫోటోల్లో నన్ను భయపెట్టింది అదే, నువ్వు మెచ్చుకున్న ఆ మెరుపు. 70 ఏళ్ళ డయల్ నిన్న చేసినట్టు ఉందంటే దాన్ని నిన్ననే చేసి ఉంటారు. పాత డయల్ గీకేసి మళ్ళీ పెయింట్ వేసి అచ్చు కొట్టడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న పని, బొంబాయి డయల్ అని ప్రపంచం మొత్తం మన పేరు చెప్పుకుంటారు, గొప్పగా కాదులే. నేను కూడా మోసపోయినోడినే. పదిహేనేళ్ళ కిందట ఒక ఊళ్ళో ఒక అంగట్లో ఇట్లాంటిదే కొని, ఇంటికొచ్చి టెర్రస్ మీద ఎండలో పెట్టి చూస్తే నెల కిటికీ అంచు మీద పెయింట్ చిన్న గడ్డ మాదిరి ఉబ్బి లోపలికి కారి ఉంది, ఫ్యాక్టరీలో కోసిన కిటికీ అంచు కత్తితో కోసిన జున్ను మాదిరి నున్నగా ఉండాల, ఇది ఇంటికి వేసిన ఎనామెల్ మాదిరి ఉంది. అంగడి లైట్ల కింద అది కనపడలేదు, కనపడకూడదనే ఆ లైట్లు.

అందుకని వాచిని కిటికీ దగ్గరికి తీసకపో, ఏటవాలు వెలుతురులో పట్టుకో, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కో, పెద్ద ఖర్చేం కాదు. అక్షరాల అంచులు చూడు, పాతవి సన్నగా, గట్టిగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి, కొత్తగా వేసినవి లావుగా, నీళ్ళు తగిలిన ఇంకు మాదిరి ఉంటాయి. నిమిషాల గీతలు గంట గుర్తుకి సరిగ్గా ఎదురుగా ఉండాయా, తేదీ అంకెలు అన్నీ ఒకే దూరంలో ఉండాయా, కింద ఆరు దగ్గర స్విస్ అని చిన్నగా రాసి ఉండాలే, అది ఉందా, ఉంటే సగం తెగి ఉందా. ఆ తర్వాత వారం ఏ భాషలో ఉంది, నెల ఏ భాషలో ఉందో చూడు. ఈ వాచీలు ఇంగ్లీషు, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ అని అమ్మే దేశాన్ని బట్టి కిటికీల వెనక తిరిగే బిళ్ళలు వేరు వేరుగా వచ్చేవి. వారం ఇంగ్లీషులో ఉండి నెల ఫ్రెంచ్‌లో ఉంటే రెండు వాచీలు కలిసి ఒకటి అయినట్టే చాలాసార్లు. నీ మూడో ఫోటోలో నాకు నెల కిటికీ సరిగ్గా కనపడలేదు, రెండు బిళ్ళల తెలుపు మాత్రం ఒకటిగా లేదు అనిపించింది, ఒకటి పాలు, ఒకటి మీగడ.

కేసు బంగారం అన్నావు. మనవైపు బంగారం అనంగానే త్రాసు తీస్తాం, మీ ఆవిడ సవర్ల లెక్క చెప్పిందంటే తప్పేం లేదు, నగ కొనేటప్పుడు అదే లెక్క. కానీ ఈ లోకంలో లెక్క తిరగబడుతుంది. ఇందాక చెప్పిన పటెక్ 1518 మొత్తం 281 దాకా చేసినారంటారు, ఎక్కువ భాగం బంగారమే, స్టీల్‌లో ఉన్నవి బయటపడింది నాలుగే. అందులో ఒకటి 2016లో జెనీవాలో కోటి పది లక్షల స్విస్ ఫ్రాంకులకి పోయింది. మామూలు పసుపు బంగారానిది దానికి దరిదాపుల్లో లేదు. ఇక్కడ కేసు మెటల్ కాదు చూసేది, పాలిష్ పట్టించి పట్టించి చెవులు అరిగిపోయినాయా లేదా, వెనక మూత లోపల ముద్రలు పదునుగా ఉండాయా లేదా అని. బెల్టు తగిలించే ఆ నాలుగు చెవుల అంచులు సబ్బు బిళ్ళ మాదిరి గుండ్రంగా అయిపోయి ఉంటే మిగతాది ఎంత బాగున్నా బేరం దించు.

కాగితాలు ఉంటే మంచిదే, కానీ కాగితం చూసి కళ్ళు మూసుకోవద్దు. 2021లో ఒక ఒమేగా స్పీడ్‌మాస్టర్ జెనీవా వేలంలో 30 లక్షల ఫ్రాంకులు దాటి పోయింది, కొన్నది ఎవరనుకుంటా ఉండావు, ఒమేగా వాళ్ళ మ్యూజియమే. 2023లో ఆ కంపెనీయే బయటపెట్టింది, అది వేరు వేరు చోట్ల భాగాలు తెచ్చి కూర్చిన వాచి అని. తయారు చేసినోళ్ళకే అట్లా జరిగితే నువ్వూ నేనూ ఎంత.

రాత్రి వద్దన్నా గదా, అది నా సొంత బుద్ధి తక్కువ కథ. తేదీ మార్చే పళ్ళు రాత్రి సుమారు 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా మెల్లిగా తేదీ చక్రానికి తగులుకుంటా ఉంటాయి, ఆ టైంలో మనం పక్క గుండీ నొక్కితే రెండు బలాలు ఎదురెదురు పడతాయి, లోపల సన్న ముక్క విరుగుతుంది. నేను నవంబర్ 30 రాత్రి పదకొండింటికి, భోంచేసి, హాయిగా మంచం మీద కూర్చుని, అగ్గిపుల్ల చెక్కి నొక్కినా, తడుక్ అని శబ్దం వచ్చింది. అంత చిన్న శబ్దానికి కడుపులో అంత బరువు దిగుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ ముక్క దొరికేదానికి 14 నెలలు పట్టింది, అది కూడా అదే మిషన్ ఉన్న చచ్చిపోయిన వాచి ఒకటి కొని దాంట్లోంచి పీకించినా. ముళ్ళని పొద్దున ఆరు దగ్గరకి తెచ్చుకుని అప్పుడు నొక్కాల, గుండీకి మెత్తని చెక్క పుల్ల వాడాల, సూది, పిన్నీసు పెట్టి గీతలు పడినవి ఎన్ని చూసినానో.

కాబట్టి వాచికన్నా ముందు మెకానిక్‌ని వెతుక్కో. తిరుపతిలో గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు మొత్తం తిరిగినా ఇప్పుడు ఎక్కువమంది బ్యాటరీ మార్చేవాళ్ళు, బెల్టు మార్చేవాళ్ళే. చిన్నప్పుడు గోవిందరాజస్వామి గుడి పక్క వీధుల్లో బల్ల మీద గాజు బుడ్డి బోర్లించి కింద మిషన్ పెట్టుకుని కూర్చునేవాళ్ళు కనపడేవాళ్ళు, వాళ్ళ పిల్లలు వేరే పనుల్లో పడిపోయినారు, వాళ్ళని అనేదేముంది. క్యాలెండర్ మిషన్ విప్పి కూర్చగలిగే మనిషి కోసం చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే. పోయి, నువ్వు ఇంతకు ముందు ట్రిపుల్ క్యాలెండర్ చేసినావా, ఎన్ని చేసినావు, ఒకటి చూపించు అని అడుగు. మా దగ్గర అవుతుందిలే సార్ అన్న మాట చాలదు. అట్లాంటోడు దొరికితే ఆయనకి కూలి ఇచ్చి నీ వెంట తీసకపోయి ఆ వాచి వెనక మూత తెరిపించు. మూత తెరవనియ్యను అంటే అక్కడే నమస్కారం పెట్టి వచ్చెయ్యి.

పదేళ్ళకి పెరుగుతుందా అన్నావు. పెరగొచ్చు, పెరగకపోవచ్చు, కానీ ఆ ఆలోచనతో కొనొద్దు, ముఖ్యంగా వచ్చే సీజన్లో తోటలకి అడ్వాన్సులు ఇచ్చుకోవాల్సిన డబ్బుతో అసలు కొనొద్దు. బంగారం గొలుసు రేపు పొద్దున ఏ అంగట్లో పెట్టినా డబ్బు వస్తుంది, వాచి అట్లా కాదు, దానికి తగిన మనిషి దొరకాల, దొరికేదాకా సర్వీసింగ్ ఖర్చు నీదే. వేలంలో కనిపించే రేట్లు కూడా కొన్నవాడి కమిషన్ కలిపి చూపించేవి, అమ్మినోడి చేతికి అంత రాదు. బయటి దేశం నుంచి తెప్పిద్దాం అనుకుంటే ఇంకో తలనొప్పి, వాడిన వస్తువుల దిగుమతికి మన దగ్గర ఆంక్షలు ఉండాయి, డ్యూటీ వేరే, దానికి మొసలి తోలు బెల్టు ఉంటే వన్యప్రాణి చట్టం కింద అది ఇంకో పేచీ. డబ్బు కట్టకముందే కస్టమ్స్ పని తెలిసినోళ్ళని అడుగు. ఇక్కడే కొన్నా 10 లక్షలు దాటిన వాచీ మీద 2025 ఏప్రిల్ నుంచి అమ్మేవాళ్ళు ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే కొన్నోడి దగ్గర వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకోవాల, నీది ఆ లెక్కలోకి రాదులే, ముందుముందు ఆశ పెరిగితే గుర్తుంటుందని చెప్తా ఉండా.

మధ్యలో ఒక మాట, చాలామంది అడుగుతారు, కొండ మీద హుండీలో పడిన వాచీలు టీటీడీ వేలం వేస్తుంది గదా, అందులో ఇట్లాంటివి దొరకవా అని. వేలం నిజమే, ఆన్‌లైన్లో లాట్ల లెక్కన వేస్తారు, టైటాన్, కేసియో, టైమెక్స్, సొనాటా, హెచ్ఎంటీ, మన హైదరాబాద్ ఆల్విన్ కూడా ఉంటాయి. లాట్ కొని ఆల్విన్ పాత మెకానికల్ ఒకటి దొరికితే సంతోషపడేవాడికి అది బాగుంటుంది, పటెక్ కోసం అయితే స్వామినే అడగాల.

చంద్రుడి గురించి నువ్వు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ఆ బిళ్ళ కింద 59 పళ్ళ చక్రం ఉంటుంది, రోజుకి ఒక పన్ను, బిళ్ళ మీద ఇద్దరు చంద్రులు, అంటే ఒక్కొక్కరికి 29న్నర రోజులు. నిజం చంద్రుడికి 29.53 రోజులు పడుతుంది. ఆ చిన్న తేడా పోగై పోగై రెండేళ్ళ ఏడు నెలలు దాటేసరికి వాచిలో చంద్రుడు ఒక రోజు ముందుకి పోయి ఉంటాడు. మన పంచాంగంలో అధిక మాసం కూడా ఇంచుమించు అంత కాలానికే వస్తుంది, 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. రెండిటికీ లెక్క వేరు, ఊరికే కలిసింది, కానీ గుర్తు పెట్టుకునేదానికి బలే ఉంటుంది. అధిక మాసం వచ్చినప్పుడు నేను వాచిని ఒక రోజు పూర్తిగా ఆపేస్తా, తర్వాత వారం, తేదీ మాత్రం ఒక గడి ముందుకి నొక్కుతా, చంద్రుణ్ణి ముట్టుకోను, ఆయన సర్దుకుంటాడు. మొదటిసారి పెట్టేటప్పుడు అయితే పౌర్ణమి గరుడసేవ రోజు సాయంత్రం కూర్చుని చంద్రుణ్ణి నడిమధ్యకి తెచ్చి వదులు, అంతకన్నా సులువు లేదు. ఆ వాచి కట్టుకుని పుష్కరిణిలో మాత్రం దిగొద్దు, కపిలతీర్థం కింద అసలే వద్దు. ఆ రోజుల్లో ఇట్లాంటి చాలా వాచీలకి గుండీల చుట్టూ నీళ్ళు ఆపే ఏర్పాటు లేదు, మన మే నెల చెమటకే భయపడాల.

ఇంక మీ నాయన కాంచన్. నీ జాబులో ఆఖరి వాక్యం గానీ నేను మొదట ఆగింది దాని దగ్గరే. హెచ్ఎంటీ 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో వాచీలు మొదలుపెట్టింది, కాంచన్ కీ ఇవ్వనక్కర్లేని ఆటోమేటిక్, వారం, తేదీ రెండూ ఉంటాయి, ఒక కాలంలో పెళ్ళికొడుకులు అడిగి మరీ పెట్టించుకున్న వాచి అది. 2016లో కంపెనీ మూసెయ్యాలని నిర్ణయం అయిపోయింది కానీ మెకానిక్‌లకి ఆ మిషన్ కొట్టిన పిండి, పాత వాటినుంచి ముక్కలు కూడా దొరుకుతాయి. ఆగిపోయిందంటే సాధారణంగా నూనె ఎండిపోయి ఉంటుంది, విరిగి ఉండదు. కొట్టి చూడొద్దు, ఊపి చూడొద్దు, డయల్ మాత్రం తుడవనియ్యొద్దు, కొత్తగా చేసిస్తా అంటే వద్దని గట్టిగా చెప్పు, మీ నాయన చేతి మీద పడిన మచ్చలు అట్లాగే ఉండనీ. సర్వీసింగ్ చేయించి ఒక ఏడాది కట్టుకో. అది కూడా ఏప్రిల్ 30 తర్వాత 31 చూపిస్తుంది, ఏడాదికి అయిదు సార్లు నువ్వే సర్దాల. ఆ అయిదు సార్లు నీకు విసుగు పుట్టకపోతే అప్పుడు ట్రిపుల్ క్యాలెండర్ మాట్లాడదాం, చెన్నైకి నేను కూడా వస్తా, భూతద్దం నాది తెస్తా. వచ్చే ముందు ఆ నెల కిటికీ ఫోటో ఒకటి, ఎండలో తీసి, దగ్గరగా, మళ్ళీ పంపించు.